నాలుగు చిల్లులు

పోర్చుగల్ కొండవాలు మీద కొవిల్యా ఊరు.
ఉన్ని మిల్లులు మూతపడ్డాక
రాత్రి షిఫ్టు ఇంకా నడుస్తున్నది మా ఆస్పత్రిలోనే.
నేలమాళిగలో నేను, రికార్డుల గుమాస్తాని.
రోగులంటే నాకు ముఖాలు కావు,
అల్మరాలో నిలబెట్టిన ఫైళ్ల వెన్నులు.

ప్రతి మంగళవారం వచ్చేవాడు అమదేవు ఫ్రజావ్.
టోపీ తీసి కౌంటరు మీద పెట్టి
ఎప్పుడూ మొదటిసారి అడిగినట్టే అడిగేవాడు:
"మా ఎర్మెలిందా కాగితాలు చూడాలి."

డైరెక్టరు సెలవులో ఉన్నారన్నాను.
మరో వారం, ఫారం మారిందన్నాను.
ఇంకో వారం, మీరు భర్తేనని రుజువేమిటన్నాను.
నలభై మూడేళ్ల కాపురానికి రుజువు!
పెళ్లినాటి ఫొటో తెచ్చాడు. చెల్లదన్నాను.
జీతానికి కుదిరిన నోరు,
పలికింది నేను కాదనుకునేదాన్ని.

చట్టం ఆయన జేబులో ఉండేది,
మేనకోడలు అచ్చు తీసి ఇచ్చిన కాగితం, నాలుగు మడతలు.
మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి.
అరిగిన చోట తన మాటలతో అతుకు వేసేవాడు:
"ఒంటికి జరిగింది ఒళ్లు మోసినవాళ్ల సొత్తు.
వాళ్లు పోతే, వాళ్లను మోసినవాళ్లది."

తొమ్మిదో మంగళవారం ఫైలు బయటికొచ్చింది.
నకళ్లు ఇస్తాం, పేజీకి ఇంత, అన్నాం.
"నకలు మీద చెయ్యి ఆనదు. అసలు కావాలి."
అసలు చూపిస్తే గుమాస్తా ఎదురుగా కూర్చోవాలని నిబంధన.
కూర్చున్నాను.

ఆయన చదవలేదు.
కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.
హమ్మయ్య అనుకున్నాను,
ఎందుకనుకున్నానో తెలిసే.

ముప్పై ఒక్క ఏళ్లు మిల్లులో గుడ్డ తనిఖీ ఆయన పని.
దీపం ముందు తానులు దొర్లుతుంటే
తెగిన పడుగునీ, గుట్టుగా ముడేసిన పేకనీ
వేలికొసతో పట్టుకునేవాడట.
ఇప్పుడు ఒక్కో కాగితాన్నీ అలాగే
బొటనవేలు కింద, చూపుడువేలు పైన.

పదహారు దగ్గర వేలు ఆగింది.
వెనక్కి, పదిహేను.
మళ్లీ పదహారు. పదిహేడు.
"అమ్మా, అన్నిటికీ ఈ మూల నాలుగు చిల్లులున్నాయి.
దీనికి రెండే."

తెల్లవారుజామున నాలుగింటికి
ఎర్మెలిందాకి ఊపిరాడటం లేదని నర్సు పిలిస్తే
నాలుగూ పదికల్లా డాక్టరు వచ్చాడంటుంది పదహారో పేజీ,
కొట్టివేత లేకుండా, మొదటినుంచి చివరిదాకా ఒకే సిరాతో.
పాత పదహారో పేజీ ఏమందో నాకు తెలుసు.
ఆ పిన్ను ఊడదీసింది నేను.
కొత్త కాగితం పెట్టి తిరిగి కొట్టింది నేను.
నీట్‌గా ఉండాలన్నారు, నీట్‌గానే చేశాను.
ఊడదీస్తుంటే గోటి కింద గుచ్చుకుని
మూడు రోజులు సలిపింది.
ఇంట్లో అడిగితే గులాబీ ముల్లన్నాను.

ఆయన పరిహారం ఊసెత్తగా వినలేదు.
లాయర్లు ఎత్తారు, ఇన్సూరెన్సువాళ్లు ఎత్తారు,
పై అంతస్తులో గంటల తరబడి అంకెలే.
క్షమించమన్న మాట మాత్రం
నోరు జారకూడదని డాక్టర్లందరికీ కాగితం పంపారు,
దాని నకలు కూడా నా అల్మరాలోనే ఉంది.
ఆయన అడిగింది ఒక్క అంకె.
"ఎన్నింటికొచ్చాడు?"

ఎదురుగా కూర్చోవాలని ఉంది నిబంధనలో.
మాట్లాడకూడదని లేదు.

చెయ్యి బల్ల మీద పెట్టాను.
గోటి కింద నల్లచుక్క సగం దూరమే పైకి పాకింది.
ఆయన వేలు దాని మీద ఆనలేదు, చూపు ఆనింది.
తప్పు నేత దొరికినప్పుడు
మిల్లులో కేకేసేవాడేమో, ఇక్కడ వెయ్యలేదు.

"ఐదూ నలభై" అన్నాను.

టోపీ అందుకోలేదు ఆయన.
"ఇంకోసారి చెప్పమ్మా, రాసుకుంటాను."
జేబులోంచి చట్టం తీసి తిరగేశాడు,
వెనకవైపు ఖాళీగా ఉంది.
పెన్ను నాదే ఇచ్చాను.